శానిటరీ సాలమోనుగారి పిల్లి

మా సాలమోనుగారికి ఒకే ఒక్క అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించేవారు కారు. కింద పరిచిన జంపఖానాని వాసన చూసేవారు. బాగున్నారా, పిల్లలు బాగా చదువుతున్నారా, కొబ్బరి దింపు ఎలా ఉంది అన్నవన్నీ దాని తరవాతే. జంపఖానా ఆరోగ్యం తేలకుండా మనుషుల ఆరోగ్యం గురించి అడగడం ఆయన దృష్టిలో తొందరపాటు.

ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పెన్షను కాగితాల్లో ముక్కు ప్రస్తావన ఎక్కడా లేకపోవడంవల్ల అది మాత్రం పాత ఉద్యోగంలోనే కొనసాగింది. ఖాకీ సంచీ కూడా కొనసాగింది. అందులో వేయించిన తవుడు ఒక డబ్బాలో, వంటసోడా ఒక డబ్బాలో, ఎండిన నిమ్మతొక్కలు, కొబ్బరిపీచు బ్రష్షు, ఉతికి మడతపెట్టిన పాత పంచెముక్కలు ఉండేవి. డాక్టరుగారి సంచీ చూసి పిల్లలు భయపడినట్టు ఆ సంచీ చూసి మా ఊరి ఇల్లాళ్ళు భయపడేవారు.

అంబాజీపేట దగ్గర ఊరు మాది. వానలు మొదలయ్యాయంటే అక్కడ ఏదీ ఆరదు. కాలవ గట్టునుంచి ఇంటి గోడదాకా, గోడనుంచి గోనెసంచీదాకా అంతా చెమ్మే. ఆ చెమ్మలో జంపఖానా అనేది తనమీద కూర్చున్నవాళ్ళ చరిత్రనంతా దాచుకుంటుంది. ఆ చరిత్రని పైకి చదివి వినిపించడానికే దేవుడు సాలమోనుగారిని పుట్టించాడని మా అమ్మ సుందరమ్మ విసుక్కునేది.

చదివి వినిపించడానికి ఆయనకి మంచి వేదిక కూడా ఉండేది. ప్రతి గురువారం సాయంత్రం వంతులవారీగా ఒక్కొక్కరింట్లో ప్రార్థన జరిగేది. ఆ ఇంటివాళ్ళ జంపఖానామీదే అందరూ మోకరించి, నుదురు నేలకి ఆనించి, కళ్ళు మూసుకునేవారు. పాస్టరుగారి ప్రార్థన ఆదాము దగ్గర బయలుదేరి మా ఊరు చేరేసరికి చాలాసేపు పట్టేది. అంతసేపూ సాలమోనుగారి ముక్కు జంపఖానాకి బెత్తెడు దూరంలో ఉండేది. కళ్ళు మూసుకున్నా మాకు బుస్సుబుస్సుమని వినబడుతూనే ఉండేది.

"ఆమెన్," అన్నారు ఒకసారి పాస్టరుగారు, సత్యవతిగారింట్లో.

"పులస," అన్నారు సాలమోనుగారు.

సత్యవతిగారి మొహం మాడిపోయింది. "అయ్యయ్యో, ఈ ఏడాది మేం పులస మొహమైనా చూడలేదండీ!"

"నిన్న మధ్యాహ్నం చూసేరండి. బెండకాయలు వేసి పులుసు పెట్టేరు. గిన్నె దింపి ఇదిగో, ఈ మూల పెట్టేరు."

ఆ ఏడాది పులస తినలేదని ఆవిడ అంతకుముందే ఆడపడుచుతో ఒట్టేసి చెప్పి ఉంది. ఆ ఆడపడుచు పక్కనే మోకాళ్ళమీద ఉంది. తరవాత జరిగిన సంభాషణ ప్రార్థనలోకి రాదు.

అగరొత్తులు, సెంటు, సాంబ్రాణి పొగ అంటే ఆయనకి మహా మంట. "వాసనమీద వాసన కప్పడవంటే తప్పుడు రిపోర్టు రాయడవేనండి. ఉన్న వాసన పోవాలి. దానికి ఎండుంది, గాలుంది, తవుడుంది. నా సర్వీసు మొత్తంలో తప్పుడు రిపోర్టు రాసిన పాపాన పోలేదు," అనేవారు. అది నిజమే. ఒక హోటలు నీళ్ళతొట్టె బాగుందని రాయమన్నందుకు రాయకపోతే ఆయన్ని ఏజెన్సీకి బదిలీ చేశారు. అక్కడ కూడా నీళ్ళతొట్టెలు ఉన్నాయి. మళ్ళీ బదిలీ చేశారు.

ఆయన భార్య ఎలీసమ్మగారు మాత్రం దీన్నంతా ఓర్పుతో భరించేది. "పెళ్ళిచూపులకొచ్చి నన్ను చూడలేదండి ఈయన. మా నాన్నగారు వేసిన చాపనే చూసేరు. 'చెమ్మగా ఉందండి, మొత్తమ్మీద పర్వాలేదు' అన్నారు. ఆ మాట చాపనన్నారో నన్నన్నారో ఇప్పటికీ తెలీదు."

ఇలాంటి మనిషి మా ఇంటికి వచ్చిన సందర్భం మాత్రం నవ్వుకునేది కాదు.

మా నాన్న సత్యానందంగారు హెడ్మాస్టరుగా చేశారు. గోళ్ళలో మట్టి ఉన్న కుర్రాడిని బడి గేటు దాటనిచ్చేవారు కారు. ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కాతోనే పేపరు చదివేవారు. ఆయన రిటైరైనప్పుడు పాత విద్యార్థులు ఏలూరునుంచి ఎర్ర ఉన్ని తివాసీ తెప్పించి ఇచ్చారు. ఆయన దాన్ని చుట్టి బీరువా పక్కన నిలబెట్టారు. దానిమీద అడుగుపెట్టే అర్హత ఎవరికుందో ఆయన తేల్చుకునేలోపు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయింది. మంచంమీంచి జారిపోతూంటే నేలమీద పక్క వేశాం. ఎడం చేత్తో తివాసీ చూపించారు. అదే వేశాం.

కొన్నాళ్ళకి పక్క తడవడం మొదలైంది.

అమ్మ మారుస్తూనే ఉండేది, నేను అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి ఉతుకుతూనే ఉండేవాణ్ణి. దుప్పట్లు ఉతుకుతాం, ఉన్ని తివాసీని ఏం చెయ్యగలం? గదంతా పట్టేసింది. ఎవరైనా చూడ్డానికి వస్తే నాన్న గోడవైపు తిరిగి నిద్ర నటించేవారు. తరవాత తలుపు వెయ్యమనేవారు. తరవాత నీళ్ళు తాగడం మానేశారు. తాగకపోతే తడవదని ఆయన లెక్క. గ్లాసు నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించేవారు. పెదాలు పగిలి రక్తం వచ్చేది.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఆయన్ని తీసుకుపోయేది పక్షవాతం కాదండి. దాహం. ఎలాగైనా తాగించండి," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎలాగో మాత్రం చెప్పలేదు.

మర్నాడు సాలమోనుగారు వచ్చారు. అమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. ఊరంతటికీ చదివి వినిపించే ఆ ముక్కు ఆ గదిలోకి వెళ్ళడమా!

"నిద్రపోతున్నారండీ అన్నయ్యగారూ."

"ఆయ్, పడుకోనీండమ్మా. నాకు ఆయనతో పన్లేదు," అని ఆయన లోపలికి నడిచి, తివాసీ పక్కన మోకాళ్ళమీద కూర్చుని, ముక్కు ఆనించారు. నాన్న గోడవైపు తిరిగి ఉన్నారు. ఆయన వీపు బిగుసుకోవడం నాకు కనిపించింది.

సాలమోనుగారు తలెత్తి, వీధిలోకి వినబడేలా అరిచారు.

"పిల్లి!"

అమ్మ తెల్లబోయింది. "మాకు పిల్లి లేదండీ."

"మీకు లేకపోవచ్చమ్మా. పిల్లికి మీరున్నారు. ఎన్నాళ్ళనుంచి జరుగుతోందిది? బూడిదరంగు పిల్లి. తోక కొస తెల్లగా ఉంటుంది. దీని సంగతి నాకు తెలుసు. మెత్తటి తివాసీ ఎక్కడుంటే అక్కడికి చేరిపోద్ది. మంచాన పడ్డ మనిషి తరమలేడని దానికి తెలుసు. పిరికిముండ!"

నాన్న మెల్లిగా ఇటు తిరిగారు. ఆయన రెండు కళ్ళూ సాలమోనుగారిమీదే ఉన్నాయి. సాలమోనుగారు ఆ కళ్ళవైపు చూడకుండా సంచీలోంచి పంచెముక్కలు తీస్తున్నారు.

"మాస్టారూ, మీరిలా చూస్తూ ఊరుకుంటే కుదరదండి. అదొచ్చినప్పుడు గట్టిగా అదిలించాలి. అదిలించాలంటే గొంతు తడిగా ఉండాలి. సుందరమ్మగారూ, ఆ మంచినీళ్ళు ఇలా తెండమ్మా."

గ్లాసు నోటి దగ్గర పెట్టారు. నాన్న కాసేపు ఆయన్నే చూశారు. తరవాత పళ్ళు వదిలారు. గ్లాసు ఖాళీ చేశారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ రోజునుంచి ఆయన వైద్యం మొదలైంది. నాన్నని పక్కకి జరిపి, పొడిగుడ్డలు అద్ది తడి పీల్పించేవారు. "రుద్దకండి అబ్బాయిగారూ, ఉన్నికి కోపం వస్తుంది. అద్దండి." తరవాత సీసాలోంచి ఏదో పుల్లటి నీళ్ళు చిలకరించి, మళ్ళీ మంచినీళ్ళతో అద్ది, వెనకవైపు పైకి వచ్చేలా కాలవ గాలికి ఆరబెట్టేవారు. ఆరాక తవుడూ సోడా చల్లి, పీచు బ్రష్షుతో దులిపేవారు. సాయంత్రానికి తివాసీకి ఏ వాసనా ఉండేది కాదు. పని చేస్తున్నంతసేపూ పిల్లిని తిట్టేవారు. నాన్నకి మాట సరిగా రాకపోయినా ఆ తిట్లు వింటూ ఎడంవైపు పెదవితో నవ్వేవారు. ఆ నవ్వు కోసం సాలమోనుగారు తిట్లలో కొత్తవి కనిపెట్టేవారు. చర్చిలో వాడదగ్గవి అందులో తక్కువ.

ఇంతలో ఊళ్ళో పిల్లి పేరు మోగిపోయింది. సత్యవతిగారు తను ఎండేసిన మెత్తళ్ళ చేపలు అదే తినేసిందని ప్రకటించింది. గోడ దూకుతూండగా తోక కొస స్వయంగా చూశామన్నవాళ్ళు కూడా బయలుదేరారు. సాలమోనుగారు ఆ పిల్లిని వీధి చివర మంచాన పడ్డ సూరమ్మగారింట్లో కూడా పట్టుకున్నారు. అల్లవరంలో తన మేనత్త ఇంట్లో కూడా పట్టుకున్నారు. అంతదూరం ఆ పిల్లి బస్సులో వెళ్ళిందా అని ఎవరూ అడగలేదు. గట్టి కాళ్ళూ చేతులూ ఉన్నవాళ్ళ ఇళ్ళకి అది ఎప్పుడూ ఎందుకు వెళ్ళదని కూడా ఎవరూ అడగలేదు.

వచ్చిన చిక్కల్లా ఆ పుల్లటి నీళ్ళతోనే. అది కల్లు.

రెండుమూడు రోజులు నిలవుంచి బాగా పులియబెట్టిన కల్లుని నీళ్ళలో కలిపి చిలకరిస్తే ఆ రకం వాసన విరుగుతుందని ఆయన సర్వీసులో ఎక్కడో కనిపెట్టారు. నిమ్మరసం దానిముందు చాలదట. అందుకని ఖాకీ సంచీతో బుల్లబ్బాయి కల్లుపాకకి వెళ్ళేవారు. చుక్క ముట్టని మనిషి. పైగా చర్చిలో సంఘపెద్ద. ఆదివారం తెల్లపంచె కట్టుకుని ముందు బెంచీలో కూర్చునేవారు. కానుకసంచీ పట్టుకుని నడిచేటప్పుడు ఆయన మొహంలో గవర్నరుకుండే ఠీవి ఉండేది. ఆయన జీవితంలో ప్రభుత్వం ఇవ్వని ప్రమోషన్ అదొక్కటే.

సత్యవతిగారు ఒకనాడు కల్లుపాక దగ్గర ఆయన్ని చూసింది. పులస సంగతి ఆవిడ ఇంకా మరిచిపోలేదు. ఆదివారానికల్లా ఊరందరికీ తెలిసింది.

చర్చిలో పెద్దల సమావేశం పెట్టారు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను.

"ఇన్‌స్పెక్టరుగారూ, మీరు కల్లు కొంటున్నారని అంటున్నారు. అబద్ధమని చెప్పండి, చాలు," అన్నారు పాస్టరుగారు. పాపం ఆయనా మంచివాడే.

"ఆయ్, కొంటున్నానండి."

"ఎవరికోసం?"

సాలమోనుగారు పైకప్పువైపు చూశారు.

"తాగడానికేనా?"

"తప్పుడు రిపోర్టు ఇవ్వలేనండి. నిజం రిపోర్టు ఇవ్వడానికి వీల్లేదండి."

"అంటే ఏంటండీ?"

"ఆయ్," అన్నారు సాలమోనుగారు.

పెద్దరికం తీసేశారు.

బయటికి రాగానే నేను దారికి అడ్డంపడ్డాను. "నేను లోపలికెళ్ళి చెప్పేస్తానండి!"

"ఏవని చెప్తారు?" ఆయన గొంతు తగ్గించారు. "హెడ్మాస్టారి పక్క తడుస్తోందని గుళ్ళో చెప్తారా? ఆయన గోళ్ళు చూసి వెనక్కి పంపిన కుర్రాళ్ళేనండి ఇవాళ ఆ బెంచీల్లో కూర్చున్నది. ఆ మాట మీ నోటంట వచ్చిందో, ఇంక మీ గడప తొక్కను. తివాసీ మీరే చూసుకోండి."

నేను నోరు మూసుకున్నాను. తివాసీ నాకు చేతకాదు.

ఆ ఆదివారంనుంచి ఆయన చివరి బెంచీలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చున్నారు. "ఇక్కడ నా డిపార్టుమెంటుకి పని ఎక్కువండి," అని నవ్వారు. కానుకసంచీ పట్టుకుని వేరే ఆయన నడుస్తూంటే మాత్రం తల వంచుకుని పాటల పుస్తకంలో వెతుక్కున్నారు. ఆ పూట పాట ఎప్పుడో అయిపోయింది.

ఈ సంగతి అమ్మ నోట నాన్నకి తెలిసింది. ఆయన రెండురోజులు ఎవరితోనూ సైగైనా చెయ్యలేదు. తరవాత ఎడం చేత్తో నన్ను పిలిచి, "గురువారం... మనింట్లో," అన్నారు. అర్థం చేసుకోవడానికి నాకు కాసేపు పట్టింది. జబ్బు పడ్డాక మనుషుల్ని గదిలోకి రానివ్వని మనిషి, ఊరందర్నీ పిలవమంటున్నారు.

పిలిచాం. గది నిండిపోయింది. తివాసీ అంచులమీద కూడా జనం మోకరించారు. సాలమోనుగారు గుమ్మం అవతలే ఉండిపోయారు. పాస్టరుగారు ఆదాము దగ్గర బయలుదేరారు. ఈసారి బుస్సుబుస్సు వినబడలేదు. ఆ నిశ్శబ్దం అందరికీ ఇబ్బందిగానే ఉంది.

"ఆమెన్."

ఎవరూ లేవలేదు. అలవాటు కొద్దీ అందరూ రిపోర్టు కోసం గుమ్మంవైపు చూశారు.

"సాలమోనూ," అన్నారు నాన్న. మాట ముద్దగానే ఉంది గాని అందులో బడిగంట ఉంది. "రిమార్కు?"

సాలమోనుగారు వచ్చి, వంగి, వాసన చూశారు. "ఏ వాసనా లేదండి మాస్టారూ."

"అబద్ధం. కల్లు వాసన."

నాన్న ఒక్కొక్క మాటా కూడదీసుకున్నారు.

"తెప్పించింది నేను. తాగింది... నేనూ, పిల్లీ. చెరి సగం."

సత్యవతిగారు చేతిలో బైబిలు జారవిడిచింది. జిల్లాలో మద్యపాన వ్యతిరేక ఉపన్యాసాలన్నీ ఇచ్చిన మనిషి ఆయన! సాలమోనుగారి మొహం ఎర్రబడిపోయింది. "మాస్టారూ, మీరు ఊరుకోండి," అన్నారు. ఆ గొంతులో ఇన్‌స్పెక్టరు లేడు. నాన్న ఎడంవైపు పెదవితో నవ్వుతున్నారు. ఆ నవ్వు చూశాక నాకు తెలిసింది, మా ఇంట్లో పిల్లి లేదన్న సంగతి ఆయనకి మొదటి గ్లాసు మంచినీళ్ళనాడే తెలుసని.

పాస్టరుగారు కాసేపు తివాసీమీద చెయ్యి పెట్టి ఉంచారు. గుడ్డలు ఆరేసిన దండెం వైపు చూశారు. తలుపు వెనక కల్లు పులియబెట్టే మట్టి కుండనీ, సీసానీ చూశారు. ఆయన తల్లి పెద్దావిడ మంచాన ఉంది. మేం చూసి చాలా రోజులైంది. వాళ్ళ ఇంట్లో ఆ గది తలుపు కూడా వేసే ఉండేది.

"ఇన్‌స్పెక్టరుగారూ," అన్నారాయన నెమ్మదిగా, "వీలు చూసుకుని ఒకసారి మా ఇంటికి రండి. మాకు కూడా పిల్లి బెడద ఉందండి."

"ఆయ్, ఎప్పటినుంచో అనుకుంటున్నానండి," అన్నారు సాలమోనుగారు. "బూడిదరంగుదేనా?"

"ఆయ్. తోక కొస తెల్లన."

పెద్దరికం తిరిగి ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "పదవిలో ఉంటే పాకకెళ్ళడం కష్టమండి," అన్నారు. చివరి బెంచీలోనే ఉండిపోయారు.

నాన్న ఆ తరవాత రెండు వానాకాలాలు బతికారు, నీళ్ళు తాగుతూ. ఆయన పోయిననాడు పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఆ ఎర్ర తివాసీమీదే కూర్చున్నారు. అందరూ వెళ్ళాక సాలమోనుగారు అలవాటు ప్రకారం వంగి ముక్కు ఆనించారు. ఒక మూలనుంచి ఇంకో మూలకి పాకుతూ చాలాసేపు చూశారు. నేను పక్కన కూర్చున్నాను.

"ఏ వాసనా లేదండి అబ్బాయిగారూ," అన్నారు చివరికి. కళ్ళనిండా నీళ్ళు. "ఎక్కడా ఆయన వాసన లేదు. ఇంత శుభ్రం చేసి ఉండకూడదండి నేను."

ఆ తివాసీని అమ్మ మళ్ళీ చుట్టి బీరువా పక్కన నిలబెట్టింది.

గోదావరి మా ఊళ్ళోకి వచ్చిన ఏడాది, ఎనభయ్యారులో, ఊరి జంపఖానాలన్నీ బురదలో మునిగాయి. సాలమోనుగారు వాటన్నిటినీ కాలవ గట్టున వరసగా ఆరేయించి, సైన్యాన్ని తనిఖీ చేసినట్టు ఆ వరస పొడుగునా నడిచారు. అదే ఆయన ఆఖరి పెద్ద డ్యూటీ. తరవాత ఏడాదే ఆయనా జారిపడి మంచం పట్టారు.

చూడ్డానికి వెళితే ఎలీసమ్మగారు గుమ్మంలో అడ్డం నిలబడింది. "నిద్రపోతున్నారు బాబూ." ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. "ఎవర్నీ రానివ్వద్దన్నారు. మూడుపూటలనుంచి మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు."

"ఆయ్. నాకు ఆయనతో పన్లేదండి," అని లోపలికి వెళ్ళాను.

గోడవైపు తిరిగి ఉన్నారు. పక్క నేలమీదే, కింద పాత జంపఖానా. మోకాళ్ళమీద కూర్చుని ముక్కు ఆనించాను. లెక్చరరు ముక్కు నాది, దానికి ట్రెయినింగు లేదు. అయినా ఈ కేసుకి అంత ట్రెయినింగు అక్కర్లేదు.

"పిల్లి!" అన్నాను గట్టిగా.

వీపు కదల్లేదు. చాలాసేపటికి గోడవైపునుంచే గొంతు వచ్చింది. "గుర్తులు చెప్పండి."

"బూడిదరంగండి. తోక కొస తెల్లన."

మెల్లిగా ఇటు తిరిగారు. గడ్డం మాసిపోయి, కళ్ళు లోతుకుపోయి ఉన్నాయి. నన్నే చూశారు. ఆ కళ్ళవైపు చూడకూడదని నాకు గుర్తొచ్చి పంచెముక్కలు వెతికే పనిలో పడ్డాను.

"ఇంకా బతికే ఉందన్నమాట, పిరికిముండ," అన్నారు. తరవాత, "ఎలీసమ్మా, మంచినీళ్ళియ్యి. దాన్ని అదిలించాలి," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఖాకీ సంచీ భుజాన వేసుకుని కల్లుపాకకి వెళ్ళాను. బుల్లబ్బాయి ఏమీ అడక్కుండా సీసా నింపాడు. సంచీలో పెట్టుకుని ఇవతలికి వస్తూంటే ఎదురుగా సత్యవతిగారు.

ఆవిడ సీసా చూసింది, నన్ను చూసింది, బుగ్గన చెయ్యి వేసుకుంది. "లెక్చరరుగారూ! ఆఖరికి మీరు కూడానా అండీ!"

"ఆయ్," అన్నాను.